పదకొండో కడీ, ఆరో సాలు

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సూర్యాపేట బస్సు కోసం నిలబడి ఉన్నాను. పటేల్ స్కూటర్ నా ముందు ఆగింది. ఇంజను ఆపకుండానే ఆయన అన్నాడు:

"మీ సారు పోయిండు, ఎరుకేనా? పదొద్దులాయె."

"ఏ సారు?" అన్నాను. ఏ సారో నాకు తెలుసు.

"ఏ సారేంది? కామా సారు. కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. నీకు చెప్పి పంపుదమంటే నీ పత్తా ఎవ్వనికీ ఎరుక లేకపాయె. ఈడనే తిరుగుతవు, కాలనీల మాత్రం కాలు వెట్టవు."

బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

ఆయన జీవితచరిత్ర రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఏ ఊరో తెలియదు. మాటను బట్టి కృష్ణకు అవతలి వాడనుకునేవాళ్ళం. పెళ్ళి సంగతి తెలియదు. వయసు అరవై ఉంటుందనుకున్నాను, కాదు యాభై దాటి ఎంతో కాలేదని ఎవరో అన్నారు. తెలిసినవే రాస్తాను. చొక్కా జేబులో రెండు పెన్నులుండేవి. ఎడమది రాయడానికి, కుడిది కొట్టేయడానికి. రెండింటిలోనూ నీలం సిరానే. "రెండూ ఒకటే కదా సార్" అంటే, "ఒకటే అయితే రెండెందుకు కొంటానోయ్" అనేవాడు. ఎవరినైనా పరిచయం చేసేటప్పుడు "వీళ్ళిద్దరూ" అనేవాడు కాదు. "ఈయన, తరవాత ఈయన" అనేవాడు. ఆ "తరవాత" దగ్గర చూపుడు వేలు గాలిలో చిన్న వంపు తిరిగేది.

ఆ వంపు వల్లే కామా సార్ అయ్యాడు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, ఒక టైప్ ఇన్‌స్టిట్యూట్ పై అంతస్తులో ట్యుటోరియల్ ఉండేది. ఇంటర్ తప్పిన వాళ్ళకు అక్కడ లెక్కలు చెప్పేవాడు. కింద నలభై మిషన్లు టకటకలాడుతుంటే పైన బోర్డు మీద ముందు రెండు బ్రాకెట్లు గీసి, మధ్యలో కామా పెట్టేవాడు. అటూ ఇటూ ఖాళీ. ఆ కామా ఎంత గట్టిగా పెట్టేవాడంటే సుద్దముక్క విరిగేది. "ముందు గోడ కట్టండి. అటు ఎవరు, ఇటు ఎవరు అన్నది తరవాత. మీరంతా మనుషుల్ని ముందు పెట్టి గోడ మరిచిపోతారు, అందుకే తప్పారు."

పటేల్‌కు ఆయనంటే వేళాకోళం. మా కాలనీ భూమంతా ఒకప్పుడు పటేల్ వాళ్ళ ద్రాక్షతోట. ఆ తోట కొట్టేసి ప్లాట్లు చేశారు. పందిళ్ళకు నిలబెట్టిన రాతి స్తంభాలను వాళ్ళు కడీలంటారు. వాటినే పెరికి ప్లాట్లకు హద్దురాళ్ళుగా పాతారు. సాయంత్రాలు మెయిన్ రోడ్డు మీది ఇరానీ హోటల్లో పటేల్, సారు ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. సారు "ఛాయ్, బిస్కెట్" అని చెప్పేవాడు. బిస్కెట్ ముందు వస్తే ముట్టుకునేవాడు కాదు. ఛాయ్ వచ్చేదాకా దాన్ని చూస్తూ కూర్చునేవాడు.

"గదేంది సారు, కడుపుల వడ్డంక రెండూ ఒక్కటే గదా?"

"కడుపు ఒక సంచి పటేల్ గారూ. సంచికి వరస తెలియదు. నాకు తెలుసు."

"సంచి నింపనీకే గదా గీ తిప్పలన్నీ" అని పటేల్ ఆ బిస్కెట్ తీసి తన ఛాయ్‌లో ముంచుకునేవాడు.

నేను అప్పుడు నగరంలో ఒక ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ విభాగంలో ట్రైనీని. కాలనీ ఐదో వరసలో, ఒక మేడ మీద ఒంటరి గది కిరాయికి తీసుకున్నాను. నాకు కంప్యూటర్ తెలుసని విని ఒక ఆదివారం పొద్దున ఆయనే మెట్లెక్కి వచ్చాడు. పేరు అడగలేదు, తన పేరు చెప్పలేదు.

"అబ్బాయ్, మీ యంత్రానికి జత అంటే తెలుసునా?"

"మెమరీల పక్కపక్కన రెండు స్థలాలు సార్."

"పక్కపక్కన సరే. అందులో ఏది ముందు?"

"చిన్న అడ్రసు ముందు."

"చిన్న అంటే సంఖ్యల మాట. నేను సంఖ్యలింకా కట్టలేదు. సంఖ్యలు లేకుండా చెప్పు."

చెప్పలేకపోయాను. ఆయన చాలా సంతోషించాడు.

ఆ తరవాత దాదాపు రెండేళ్ళు, ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రాలు ఆయన గదికి వెళ్ళాను. ఒక ఇనప కుర్చీ, నవారు మంచం, గోడ పొడుగునా కట్టలు. అవి విదేశాల్లోని విశ్వవిద్యాలయాలకు ఉత్తరాలు రాసి ఉచితంగా తెప్పించుకున్న నివేదికలు. గణిత రుజువులను యంత్రం చేత సరిచూపించడం వాటి విషయం. దానికి వాళ్ళు వాడేది హయ్యర్ ఆర్డర్ లాజిక్ అనే తర్కం. అందులో చేతికిచ్చేది చాలా తక్కువ: కొన్ని మూల వాక్యాలు, ఎనిమిది నియమాలు. మిగతాదంతా మనమే కట్టుకోవాలి, ఆఖరికి రెండు వస్తువుల జతను కూడా. ఆయన దగ్గర కంప్యూటర్ లేదు. టెర్మినల్ కూడా దగ్గర నుంచి చూడలేదనుకుంటాను. నోటు పుస్తకాల్లో చేత్తో చేసేవాడు.

జతను ఎలా కట్టాలో చెప్పిన సాయంత్రం బాగా గుర్తుంది.

"సంచిలో రెండు వంకాయలు వేశావనుకో. ఏది ముందు? చెప్పలేం. అందుకని సంచి పనికిరాదు. జత అంటే వస్తువు కాదబ్బాయ్, గుమ్మం దగ్గర కాపలావాడు. వాడి దగ్గరికి ఇద్దరు వస్తారు. వాడు అడుగుతాడు: మొదట వచ్చింది ఫలానావాడేనా? రెండోది ఫలానావాడేనా? రెండూ నిజమైతేనే 'అవును'. ఒక్కటి తేడా వచ్చినా, ఇద్దరూ తారుమారైనా, 'కాదు'. ప్రపంచంలో ఉన్న అన్ని జోడీల్లో ఒక్కదానికే వాడు 'అవును' అంటాడు. ఆ కాపలావాడే జత."

"మూడుంటే సార్?"

"మూడనేది లేదు. ఒకడు, తరవాత ఒక జత." వేలు గాలిలో వంపు తిరిగింది. "నాలుగంటే? ఒకడు, తరవాత... నువ్వే చెప్పు."

నా పని యంత్రంగా ఉండటం. ఆయన ఒక్కో వాక్యం చదివి, ఏ నియమంతో వచ్చిందో చెప్పి, "అవునా?" అనేవాడు. అది ఆ నియమం ప్రకారం వస్తేనే నేను "అవును" అనాలి. అర్థమైందనో, చూస్తేనే తెలుస్తోందనో "అవును" అనకూడదు. మొదట్లో తిట్లు తిన్నాను. "నువ్విప్పుడు మనిషివి కావు. నీకు తెలిసినవి గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలిరా. కాగితం మీద ఏముందో అదే చూడు." కొన్నాళ్ళకు నేర్చుకున్నాను. ఒక జత మరో జతకు సమానం కావాలంటే మొదటిది మొదటిదానికీ రెండోది రెండోదానికీ సమానం కావాలి: ఈ ఒక్క మాటకు పద్దెనిమిది పేజీలు పట్టింది. పద్దెనిమిదో పేజీలో ఆఖరి "అవును" నేను అన్నాక ఆయన పెన్ను మూసి, "బాగా ఖాళీ అయ్యావోయ్. అచ్చం యంత్రంలా చూస్తున్నావ్" అన్నాడు. అంతకు ముందు గాని తరవాత గాని ఎవరి మెప్పూ నాకు అంత తీపిగా లేదు.

ఆ వారంలోనే కాలనీ సంఘం వాళ్ళు ఆయన దగ్గరికి వచ్చారు.

ఆ రోజుల్లో మా వైపు ప్లాట్లు ఎలా అమ్ముడుపోయాయో చెప్పాలి. మొదట్లో పటేల్ దగ్గర లెక్కలు రాసే మునీమే అమ్మాడు. కొన్నవాడికి తెల్లకాగితం మీద పేరు, రెండు అంకెలు, కింద పటేల్ సంతకం. రిజిస్ట్రేషన్ లేదు. తరవాత ఒక కంపెనీ వచ్చి అచ్చు నక్షా వేసింది. పదహారు వరసలు, వరసకు పదహారు ప్లాట్లు. వాళ్ళ కాగితాల మీదా రెండు అంకెలే: వరస, ప్లాటు. హద్దురాళ్ళ మీద ఎర్ర రంగుతో అవే రాశారు. ఇప్పుడు అందరికీ ఒకేసారి రిజిస్ట్రేషన్ చేయిస్తానని పటేల్ ఒప్పుకున్నాడు. దానికి ఎవరిది ఏ ప్లాటో తేల్చే జాబితా కావాలి. సంఘం వాళ్ళు "సారు లెక్క తప్పదు" అని కాగితాలన్నీ రెండు సంచుల్లో తెచ్చి పెట్టారు.

మూడు ఆదివారాలు కూర్చున్నాం. ఆయన కాగితం తీసి పేరు, రెండు అంకెలు చదివేవాడు. నేను రాసి, రాసింది తిరిగి చదివేవాణ్ణి. ఆయన "అవునా?" అనేవాడు. కాగితం మీద ఉన్నదీ జాబితాలో ఉన్నదీ ఒకటైతే నేను "అవును" అనేవాణ్ణి. రుజువులు చూసినట్టే.

రెండో ఆదివారం మధ్యాహ్నం రాజరత్నం కాగితం వచ్చింది. రాజరత్నం తాపీ మేస్త్రీ. తుర్కయంజాల్ అవతలి పల్లె నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం. కాలనీలో మొదటి పది ఇళ్ళు కట్టింది అతనే. కూలి కింద పటేల్ ఇచ్చిన ప్లాటులో తన ఇల్లూ తనే కట్టుకున్నాడు: రెండు గదులు, నీలం తలుపు, తలుపు మీద సిమెంటుతో పోసిన శిలువ. ఆ ఇల్లు ఆరో వరసలో ఉంది. నా గది వెనక కిటికీ తెరిస్తే అదే కనిపించేది. అతని భార్య దేవమ్మ పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది.

"రాజరత్నం. పదకొండు, ఆరు" అని చదివాడు సారు.

రాశాను. పదకొండో వరస, ఆరో ప్లాటు. పదకొండో వరస అంటే వానకు పొంగే మురుగు నాలా ఒడ్డు. అక్కడ ఎవరూ ఇల్లు కట్టలేదు. నా పెన్ను ఆగింది. ఆగిందని నాకు తెలుసు. ఎంతసేపంటే, ఆయన తలెత్తి చూసేంత సేపు.

"అవునా?"

కాగితం మీద పదకొండు, ఆరు. జాబితాలో పదకొండు, ఆరు.

"అవును" అన్నాను.

జాబితా పూర్తయ్యాక ఆయన ఒక పని చేశాడు. ఏ రెండు పేర్లకూ ఒకే జత పడలేదని పేజీన్నర రుజువు రాసి చివర జతచేశాడు. కింద సంతకం. ఆ రుజువులో తప్పు లేదు. ఇవాళ చూసినా తప్పు లేదు.

రిజిస్ట్రేషన్లు అయిపోయాయి. రాజరత్నం దస్తావేజు మీద తన పాత కాగితం మీదున్న అంకెలే చూసుకుని సంతకం పెట్టాడు. జాబితాలో ఎవరి పేరూ పడని ప్లాట్లను కంపెనీ అమ్ముకుంది. వాటిలో ఆరో వరస పదకొండో ప్లాటు ఒకటి. దాన్ని ఒక బ్యాంకు ఉద్యోగి ఎక్కడో దూరపు బ్రాంచిలో ఉండి, నక్షా చూసి కొన్నాడు. చాలామంది అలానే కొన్నారు. ఏడాది తరవాత బదిలీ మీద వచ్చి, టేపు పట్టుకుని ఆరో వరసలోకి నడిచాడు. తన ప్లాటులో నీలం తలుపు ఇల్లు, గుమ్మంలో దేవమ్మ.

గొడవ విని సారూ నేనూ వెళ్ళాం. పటేల్ అప్పటికే ఉన్నాడు. బ్యాంకాయన చెమటలు తుడుచుకుంటూ, "నా తప్పేముందండీ ఇందులో? లోను శాంక్షనైంది. రిజిస్టర్ కాగితం ఇదిగో" అని అందరికీ చూపిస్తున్నాడు. రాజరత్నం లోపలికి పోయి తన పాత తెల్లకాగితం తెచ్చి సారు చేతిలో పెట్టాడు.

"నీ కాగితం మీద పదకొండు, ఆరు ఉంది కదయ్యా. ఈ రాయి మీద ఆరు, పదకొండు ఉంది. ఎప్పుడూ అడగలేదేం?"

"గవే రెండు అంకెలు గదా సారు. రాసినోడు గటుదిక్కు నుంచి రాసిండనుకున్న."

సారు కాగితాన్ని చాలాసేపు చూశాడు. తరవాత పటేల్‌ను అడిగాడు. "పటేల్ గారూ, తోట ఉన్నప్పుడు మీ మనుషులు చోటెలా చెప్పేవారు?"

"ఎట్ల చెప్తరు? బాయి కాడికెళ్ళి కాలువ గట్టు మీద నడుస్తరు. గట్టు పొంట కడీలుంటయి, అయి లెక్కవెడ్తరు. కడీ కాడ మళ్ళి లోపల్కి వోతే సాళ్ళు దాటుడు. కడీ ముందు, సాలు ఎన్క. పదకొండో కడీ, ఆరో సాలు. మా తాతల సంది గంతే. మునీము గూడ గట్లనే రాసిండు."

కంపెనీ వాళ్ళు హైవే వైపు నుంచి లోపలికి వచ్చారు. వాళ్ళకు సాళ్ళే, అంటే వరసలే ముందు తగిలాయి.

సారు హద్దురాయి మీద కూర్చున్నాడు. వేలు ఒకసారి లేచింది, వంపు తిరగకుండానే ఒళ్ళో పడింది. మునీము రాసిన పాత కాగితాలు జాబితాలో మొత్తం తొమ్మిది. ఒకటి ఏడు, ఏడు. దాన్ని ఎటు తిప్పినా ఒకటే. మిగతా వాటిలో ఏడు ఖాళీ స్థలాలు, వాటి వాళ్ళూ కంపెనీ దగ్గర వాటిని కొన్నవాళ్ళూ తరవాత తమలో తాము మార్చుకున్నారు. ఇల్లున్నది ఒక్కటే.

ఆ ఆదివారం సంఘం రేకుల షెడ్డులో మీటింగ్. పటేల్ చేతులు ఎత్తేశాడు: "నేను జాబితా చూసి సంతకం వెట్టిన. ఇప్పుడు నన్నంటే ఏంజెయ్యను? కంపెనీవోడు దుకాణం ఎత్తేసె." బ్యాంకాయన నాలా ఒడ్డు ప్లాటు తీసుకోనన్నాడు; అతని పిల్లలు ఆ వెనక బెంచీ మీదే కూర్చుని ఉన్నారు, నేనైనా తీసుకునేవాణ్ణి కాదు. కోర్టుకు పొమ్మన్నారు ఎవరో. రాజరత్నం తల దించుకుని, "కోర్టుకు నాకేడ చాతనైతది" అన్నాడు.

సారు లేచి నిలబడ్డాడు.

"జాబితా నాది. రెండు రకాల కాగితాలున్నాయని నేను చూడలేదు. అంకెలు చదివాను, ఎవరు ఎటు నుంచి లెక్కపెట్టారో అడగలేదు. ఈ తప్పు నాది."

అక్కడితో ఆగితే బాగుండేది. సంఘం అధ్యక్షుడు నా వైపు తిరిగి, "మరి నువ్వు? ఆ ఇంటి వెనకే ఉంటావు కదా, నీకు తెలియదూ?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే సారు అన్నాడు: "ఈ అబ్బాయి చెప్పబోయాడండీ. ఆ ఇల్లు ఆరో వరసలో ఉంది సార్ అనబోయాడు. నేనే చెయ్యెత్తి ఆపాను. కాగితం మీద ఉన్నదే చూడమన్నాను."

రెండేళ్ళలో ఆధారం లేని ఒక్క వాక్యం ఆయన నోట వినలేదు. అదొక్కటే విన్నాను. ఆయన నా వైపు చూడలేదు. అందరూ చూశారు. నేను తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. కూర్చున్నాను.

దేవమ్మ లేచి ఆయన ముందుకు వచ్చింది.

"లెక్కల సారంట! పెద్ద సదువంట! అటుదిటు, ఇటుదటు జేసి నా ఇల్లు మింగినవ్. పిల్లగాడు చెప్తుంటె నోరు మూపిస్తివా? నీకు కండ్లు లేవా, నీ కాళ్ళు ఎన్నడు మా గల్లీల నడ్వలేదా? నీ ఇల్లు గూల, నిన్ను అడిగెటోడు లేకుంట వోను!"

ఆయన నిలబడే విన్నాడు. ప్రతి తిట్టుకూ చిన్నగా తల ఊపాడు, వాక్యం సరిగా వచ్చిందని ఒప్పుకున్నట్టు.

ఇంకెవరో వచ్చి కూలగొట్టకముందే తనే విప్పుకుంటానన్నాడు రాజరత్నం. తను కట్టింది గనక ఎక్కడ తాకితే ఇటుక విరక్కుండా వస్తుందో అతనికి తెలుసు. పైకప్పు రేకులు, చెక్కలు, నీలం తలుపు, తరవాత గోడలు. శిలువ మాత్రం రాలేదు, ముక్కలైంది. ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ సారు ట్యుటోరియల్ మానేసి, పొద్దున్నే వచ్చి ఇటుకల కుప్ప ముందు కూర్చుని, పాత తాపీ ఒకటి పట్టుకుని ఒక్కో ఇటుకకు అంటిన సున్నం గీకాడు. చేతులు పగిలి గుడ్డలు చుట్టుకున్నాడు. నేను ఆఫీసుకు వెళుతూ కిటికీలోంచి చూసేవాణ్ణి. ఒకరోజు ఆయన దాహమడగడం, దేవమ్మ వినిపించుకోకుండా లోపలికి పోవడం చూశాను. నా గదిలో కుండ నిండా నీళ్ళున్నాయి. కిటికీ మూశాను.

తరవాత ఒకటి రెండుసార్లు ఆయన గదికి వెళ్ళాను. ఆయన ఆ మీటింగు ఊసే ఎత్తలేదు. కొత్త నోటు పుస్తకం మొదలుపెట్టాడు.

"జత చాలదబ్బాయ్. కాపలావాడు మొదటివాడెవరు, రెండోవాడెవరు అని అడుగుతున్నాడు గాని, ఎటు నుంచి మొదలో వాడికి ఎవరు చెప్పారు? ఆ చెప్పేవాణ్ణి కూడా లోపల పెట్టాలి. ఒకడు, తరవాత జత. మూడు అంటే ఇదేనేమో. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి." పుస్తకం నా వైపు తిప్పాడు. "చూస్తావా?"

పని ఉందన్నాను. ఆయన పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. "సరే, నేనే చూసుకుంటాను. కాస్త నెమ్మదవుతుంది, అంతే."

నెల తిరక్కుండా చైతన్యపురికి గది మార్చాను. కారణం ఆయన కాదు, దేవమ్మ. ఎక్కడ కనిపించినా ఆపి, "నువ్వన్న చెప్పబోతివి బిడ్డా, గా దేవుడు నిన్ను సల్లగ సూడాలె" అనేది. ఒకసారి కొంగులోంచి రెండు జామకాయలు తీసి ఇచ్చింది. అవి తినలేదు, పారెయ్యలేదు. బల్ల మీదే కుళ్ళాయి.

ఆరో వరసలో బ్యాంకాయన డాబా లేచింది. మేడ మీదికి మెట్లు, ముందు గ్రిల్లు. ఒకసారి ఆ దారిన వెళ్ళాల్సి వస్తే, ఆ గ్రిల్లు వెనక నాకు నీలం తలుపు కనిపించింది, దాని ముందు తడిసిన వాకిలి కూడా. ఆఫీసులో ప్రోగ్రాము రన్‌కు ఇచ్చే ముందు ప్రతిసారీ వెనక నుంచి ఎవరో "అవునా?" అంటారు. తిరిగి చూడటం మానేశాను. వినిపించడం మానలేదు.

పటేల్ కబురు చెప్పిన రోజు బస్సు వదిలేసి కాలనీకి నడిచాను. సారు గదికి తాళం. ఇంటివాళ్ళు పుస్తకాలు పాత కాగితాల వాడికి వేశామన్నారు. అక్కడి నుంచి పదకొండో వరసకు వెళ్ళాను.

ఇల్లు చిన్నది. ఒకటే గది, పక్కన రేకుల వంటపాక. గోడలకు నడుము ఎత్తు వరకు వాన నీటి చార. దేవమ్మ గుమ్మంలో చాటలో బియ్యం ఏరుతోంది. రాజరత్నం గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు.

"రా బిడ్డా, ఎన్నొద్దులాయె. సారు పోయిండని తెలిసెనా?"

"తెలిసింది. అమ్మా, ఒక మాట చెప్పాలె. గా మీటింగుల సారు చెప్పింది నిజం గాదు. నేనేం చెప్పబోలే. సారు నన్ను ఆపలే. మీ ఇల్లు ఆరో సాలుల ఉన్నదని నాకు ఎరుకే. అయినా 'అవును' అన్న."

చాట ఆగింది. రాజరత్నం బీడీ నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మరి సారెందుకట్ల చెప్పిండు?"

"నన్ను ఎవ్వరు ఏమనొద్దని."

ఆమె చాటలోని బియ్యాన్ని చేత్తో చదును చేసింది, మళ్ళీ చెరిపింది.

"గా మనిషిని నేను ఎన్ని తిట్టిన! ఇటుకలు గీకుతుంటె గూడ తిట్టిన. నీళ్ళడిగితె ఇయ్యలే. మొన్న పీనుగు లేస్తున్నదంటె పో, నేను రాను అన్న. ఈయనొక్కడే పోయిండు." గొంతు తగ్గింది. "గా తిట్లల్ల సగం నీయి గదా బిడ్డా. ఆయనొక్కడే మోస్కపోయిండు. నువ్వు అప్పుడే చెప్పుంటె, నేను గిన్ని నీళ్ళన్న ఇత్తును."

"ఇప్పుడు తిట్టమ్మా. నన్ను తిట్టు" అన్నాను.

ఆమె తలెత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపులో కోపం కనిపిస్తుందేమోనని వెతికాను.

"తిడితె నీ పానం తేలికైతది" అంది. "నేను తిట్టను. గట్లనే ఉండు."

చాట ఒళ్ళోకి లాక్కుని బియ్యంలో రాళ్ళు ఏరసాగింది. రాజరత్నం కొంచెం పక్కకు జరిగి, నేను కూర్చోవడానికి గోడ దగ్గర చోటు చేశాడు. కూర్చున్నాను.